సీజన్ మొదట్లో దొరికిన బీవర్ తోలుతో ఏం చేయాలి?

అక్టోబరు నెలాఖరుకి ఉత్తర మినెసోటాలో చెరువులు ఇంకా గడ్డకట్టవు. పొద్దున్నే నీళ్ళ మీద పొగలా ఆవిరి లేస్తుంటుంది, ఒడ్డున గడ్డి మీద మాత్రం తెల్లగా మంచు పట్టి ఉంటుంది. ఆ రోజుల్లో దొరికిన బీవర్‌ని ఇంటికి తెచ్చి తోలు తీసి తిరగేస్తే, లోపలి వైపు లేత మీగడ రంగులో ఉండాల్సింది నీలం, నలుపు కలిసిన మచ్చలతో కనిపిస్తుంది. కొత్తగా పని నేర్చుకుంటున్నవాళ్ళు అది చూసి తోలు పాడైపోయిందనుకుని పారేస్తుంటారు. నేనూ మొదటి ఏడాది రెండు తోళ్ళు అలాగే పోగొట్టుకున్నాను. అవి పాడైన తోళ్ళు కావని, తొందరగా వచ్చిన తోళ్ళని తర్వాత మా పక్కింటి ముసలాయన చెబితే తెలిసింది. ఆయన చిన్నప్పటి నుంచీ ఉచ్చుల పనిలో ఉన్నవాడు.

బీవర్ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. ఇది నీళ్ళలో బతికే పెద్ద ఎలుక జాతి జంతువు. ఎదిగినది ఇరవై కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. చెట్లు కొరికి పడగొట్టి, కొమ్మలు, బురద పేర్చి వాగులకి అడ్డకట్టలు కడుతుంది. ఆ కట్టల వల్ల చిత్తడి నేలలు, చేపలు, పక్షులు బతుకుతాయి. కానీ అదే కట్ట రోడ్డు కింద తూములో కడితే రోడ్డు మునుగుతుంది. వైల్డ్ రైస్ (నీళ్ళలో పెరిగే గడ్డిజాతి ధాన్యం) పండే సరస్సు నీళ్ళు బయటికి పోయే చోట కడితే నీటిమట్టం పెరిగి ఆ పంట దెబ్బతింటుంది. అందుకే బొచ్చు బాగా పండే కాలం దాకా ఆగకుండా ఉచ్చుల సీజన్ తెరవగానే పట్టాల్సి వస్తుంది. నా చేతికి వచ్చే ముందస్తు తోళ్ళలో చాలా భాగం ఇలాంటివే. ఎలాగూ ప్రాణం తీసిన జంతువు. దాని తోలు చెత్తబుట్టలో కుళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇంకో మాట ముందే చెప్పాలి. లైసెన్సు, ట్యాగులు, తేదీలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మీ రాష్ట్రం వన్యప్రాణి శాఖ ఆ ఏటి నియమాల పుస్తకం చదవకుండా పని మొదలుపెట్టకండి. కాలిఫోర్నియాలో అయితే బొచ్చు కోసం ఉచ్చు వేయడాన్నే 2019లో నిషేధించారు. 2023 నుంచి అక్కడ కొత్త ఫర్ వస్తువులు అమ్మడానికీ వీల్లేదు. బే ఏరియాలో ఉన్న మన వాళ్ళకి ఇక్కడి నుంచి ఫర్ టోపీ పంపించి అమ్ముకుందామనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ముందు తోలు నీలంగా ఎందుకుందో అర్థం చేసుకోండి

బీవర్‌కి రెండు రకాల బొచ్చు ఉంటుంది. పైన పొడుగ్గా, మెరుస్తూ, కాస్త గరుకుగా ఉండేవి పైవెంట్రుకలు. వాటి కింద దట్టంగా, పత్తిలా మెత్తగా ఉండేది నూగు. నీళ్ళు ఒంటిని తాకకుండా ఆపేది ఆ నూగే. వేసవిలో పలచబడిన నూగు చలి ముదిరేకొద్దీ మళ్ళీ పెరుగుతుంది. వెంట్రుక పెరుగుతున్నంత కాలం దాని కుదురులో రంగు పదార్థం ఉంటుంది. ఆ కుదుళ్ళు చర్మంలో లోతుగా దిగి ఉంటాయి కాబట్టి లోపలి వైపు నుంచి నీలంగా కనిపిస్తాయి. వెంట్రుక పూర్తిగా ఎదిగాక ఆ రంగు వెంట్రుకలోకి వెళ్ళిపోతుంది, కుదురు పైకి జరుగుతుంది, చర్మం తెల్లబడుతుంది. దీన్నే ట్రాపర్లు (ఉచ్చులు వేసి జంతువుల్ని పట్టేవాళ్ళు) తోలు ప్రైమ్‌కి వచ్చిందంటారు. మింక్ (ముంగిసలాంటి చిన్న జంతువు), నక్క లాంటివి నవంబరు, డిసెంబరుల్లోనే ప్రైమ్ అయిపోతాయి. బీవర్ ఆలస్యం. దాని తోలు అందంగా ఉండేది నడి చలికాలం దాటాకే.

కుదుళ్ళు లోతుగా ఉంటాయన్న ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ముందస్తు తోలుతో వచ్చే కష్టాలు సగం ఇక్కడి నుంచే పుడతాయి.

దారి ముందే తేల్చుకోండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. తోలు తీస్తారు, గీకుతారు, ఆరేస్తారు, ఆ తర్వాత దీంతో ఏం చేద్దామని ఆలోచిస్తారు. అప్పటికి సగం దారులు మూసుకుపోయి ఉంటాయి. ఉప్పు వేసిన తోలును ఫర్ కొనేవాళ్ళు తీసుకోరు, వాళ్ళకి ఉప్పు లేకుండా బోర్డు మీద ఆరినదే కావాలి. ఇంట్లో పదును చేసుకోవడానికైతే, అంటే కుళ్ళకుండా మెత్తగా ఉండేలా మందు పట్టించుకోవడానికైతే, ఉప్పే మొదటి మందు. అంటే ఉప్పు డబ్బా మూత తీసే ముందే మీ నిర్ణయం అయిపోవాలి.

తోలును పరీక్షించడానికి నేను చేసేది ఇంతే. వీపు మీద, నడుముకి కాస్త పైన, బొచ్చులోకి నోటితో గట్టిగా ఊదుతాను. వెంట్రుకలు గుండ్రంగా విచ్చుకుని మధ్యలో గుంట పడుతుంది. ఆ గుంట అడుగున చర్మం కనిపిస్తే నూగు పలచన. ఊదినా చర్మం కనిపించకుండా బూడిద రంగు నూగే అడ్డుగా ఉంటే తోలు అనుకున్నదానికన్నా బాగున్నట్టే. తర్వాత పొట్ట మీద ఊదుతాను. ఆ రెండు చోట్లా చూశాక తోలును తిరగేసి నీలం ఎంత మేర ఉందో చూస్తాను. తోలు మొత్తం నీలంగా ఉందా, వీపు మీద మాత్రమేనా అన్నది గమనిస్తాను.

పెద్ద తోలు, నూగు పరవాలేదు అనిపిస్తే బోర్డు మీద ఆరబెట్టి అమ్మకానికి పెడతాను. మధ్యరకం సైజు, నీలం బాగా ఉన్నది ఇంట్లో పదును చేసుకుంటాను. బొచ్చు ఇప్పటికే ఊడుతున్నది, కోతలు పడ్డది అయితే బొచ్చు పూర్తిగా తీసేసి ఉత్త తోలుగా వాడతాను. ఆ ఏడాది పుట్టిన కూనల తోళ్ళు కత్తి పట్టడం నేర్చుకునేవాళ్ళకి ఇస్తాను. ఈ వరస ఎవరో పెట్టిన రూలు కాదు, నా అనుభవంలో కుదురుకున్నది.

మొదటి కొన్ని గంటలు

జనవరిలో చచ్చిన బీవర్ గంటల తరబడి బయటున్నా గడ్డకట్టి భద్రంగా ఉంటుంది. అక్టోబరులో అలా కాదు. నీళ్ళు ఇంకా వెచ్చగా ఉంటాయి, దట్టమైన బొచ్చు, దాని కింద కొవ్వు కలిసి ఒంట్లో వేడిని పట్టి ఉంచుతాయి. మొదట చెడేది పొట్ట దగ్గర. అక్కడ చర్మం పచ్చబడితే బొచ్చు ఊడటం మొదలైనట్టే. అందుకని ఉచ్చులు రోజూ చూసుకోవాలి, తెచ్చిన రోజే తోలు తీయాలి. ఆ రోజు కుదరదంటే నీళ్ళు కారేదాకా తలకిందులుగా వేలాడదీసి, గాలి తగిలే నీడలో ఉంచండి. గోనెసంచిలోనో, ట్రక్కు వెనక టార్పాలిన్ కిందో కుక్కి ఉంచితే పొద్దుటికి పొట్ట పోతుంది.

చేతులకి రబ్బరు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. బీవర్ల నుంచి టులరీమియా అనే బ్యాక్టీరియా జబ్బు చేతి మీది చిన్న గీత గుండా కూడా మనిషికి సోకుతుంది. అవి తిరిగే నీళ్ళు కాచకుండా తాగితే జియార్డియా పట్టుకునే ప్రమాదం ఉంది. దానికి ఇక్కడ బీవర్ జ్వరమనే పేరు ఊరికే రాలేదు.

బురద, నెత్తురు ఉంటే తోలు తీయకముందే చల్లటి నీళ్ళతో కడిగి, దువ్వెనతో దువ్వండి. బొచ్చులో చిక్కుకున్న చిన్న పుల్ల గీకేటప్పుడు కింద నుంచి చర్మాన్ని ఎత్తుతుంది, కత్తి సరిగ్గా అక్కడే చిల్లు పెడుతుంది.

తోలు తీయడం

నక్క తోలును మేజోడులా గొట్టంగా లాగుతారు. బీవర్‌ది అలా కాదు, విప్పి పరిచినట్టు తీస్తారు. వెల్లకిలా పడుకోబెట్టండి. నాలుగు పాదాలు కీలు దగ్గర కోసేయండి, తోక బొచ్చు ఆగిన చోట కోసేయండి. గడ్డం నుంచి తోక దాకా పొట్ట మీద నిటారుగా ఒకే గీత. కత్తి మొన పైకి పెట్టి, చర్మం కింద నుంచి కోయాలి. పై నుంచి కోస్తే బొచ్చూ తెగుతుంది, పొట్టా తెగుతుంది. కాళ్ళ మీద గీతలు వద్దు. చర్మాన్ని చుట్టూ వదులు చేసి కాలిని లోపలికి లాగేస్తే తోలులో నాలుగు గుండ్రటి రంధ్రాలు మిగులుతాయి, అంతే.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. కొవ్వు, మాంసం తోలుకే ఉంచి గబగబా తీసేసి తర్వాత గీకడం ఒకటి. చిన్న కత్తితో నిదానంగా, తోలుకి ఏమీ అంటకుండా తీయడం రెండోది. చలికాలం తోలుకి మొదటిదే త్వరగా అవుతుంది. ముందస్తు తోలుకి మాత్రం నేను రెండోదే చెబుతాను. గంట ఎక్కువ పడుతుంది, కానీ తర్వాత పెద్ద కత్తితో గట్టిగా గీకాల్సిన అవసరం సగానికి తగ్గుతుంది. లోతుగా ఉన్న ఆ కుదుళ్ళకి అదే రక్ష.

తోలు తీసేటప్పుడే తోక మొదట్లో రెండు జతల గ్రంథులు కనిపిస్తాయి. వాటిని కోసి చిందరవందర చేయకండి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఆ రోజే గీకే ఓపిక లేకపోతే, తోలును చర్మం లోపలికి వచ్చేలా మడిచి, చుట్టి, గాలి చొరకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వేయండి. నెలల తరబడి బాగుంటుంది. అంచు బయటికి వచ్చి ఉంటే అక్కడ చలికి ఎండి కర్రలా అయిపోతుంది, మళ్ళీ ఎంత నానబెట్టినా మెత్తబడదు. బీవర్ తోళ్ళు వరసగా వచ్చిపడే రోజుల్లో ఫ్రీజర్ లేకుండా పని నడవదు.

గీకడం

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా మొదటి మంచి తోలు పోయింది ఇక్కడే.

గీకడానికి నున్నటి గుండ్రటి వీపున్న దుంగ కావాలి. నడుము ఎత్తులో వాలుగా నిలబెట్టి, తోలును బొచ్చు కిందికి వచ్చేలా పరిచి, పొట్టతో దుంగ చివరకి అదిమి పట్టుకుంటారు. రెండు చేతులతో పట్టుకునే పొడవాటి కత్తికి ఒక వైపు పదును, ఇంకో వైపు మొద్దు అంచు ఉంటాయి. మొద్దు అంచుతో కొవ్వును తోస్తారు, పదును అంచుతో పొరను చెక్కుతారు. బీవర్ వీపు మీద జిగటగా, తెల్లగా, సాగే గట్టి పొర ఒకటుంటుంది. అది కత్తికి లొంగదు. అందరికీ కోపం వచ్చేది దాని దగ్గరే.

ఆ రోజు నేను ఆ పొరతో పోరాడి పోరాడి, చివరికి తోలంతా ఒకే మందంలో పలచగా, కాగితంలా చేసేశాను. చేతికి ఎంతో బాగుంది. భుజాల మీది నీలం మచ్చలు కూడా చెక్కేసి తెల్లగా చేశానని సంబరపడ్డాను. పదును చేసి, నూనె పెట్టి, చివరి రోజు మెత్తబడటానికి కుర్చీ అంచు మీద అటూ ఇటూ లాగుతుంటే భుజాల దగ్గర బొచ్చు గుప్పెళ్ళుగా నా చేతుల్లోకి వచ్చేసింది. వచ్చిన ప్రతి వెంట్రుక మొదట్లో నల్లటి చుక్క కూడా లేదు, నున్నగా తెగి ఉంది. నీలం పోవాలని నేను చెక్కింది నీలాన్ని కాదు, కుదుళ్ళనే. లోపల పట్టుకోవడానికి ఏమీ మిగలకపోతే వెంట్రుక ఎలా నిలుస్తుంది?

కాబట్టి నీలంగా ఉన్న చోట కొవ్వు, మాంసం పోతే చాలు, అక్కడితో ఆపేయండి. నీలం పోవాలని చూడకండి. మొద్దు అంచుతోనే ఎక్కువ పని చేయండి. లోపలి వైపు చేత్తో తడిమినప్పుడు బొచ్చు మొదళ్ళు సన్నటి ఇసుకలా గరుకుగా తగిలాయంటే హద్దు దాటబోతున్నారని అర్థం. పొట్ట అంచులూ, కాళ్ళ రంధ్రాల చుట్టూ చర్మం పలచగా ఉంటుంది, అక్కడ కత్తి కన్నా గోళ్ళే మేలు. చిల్లు పడితే అప్పుడే లోపలి వైపు నుంచి కుట్టేయండి, ఆరాక కుట్టడం కష్టం.

గీకడం అయ్యాక గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్ళలో రెండు సార్లు కడగండి. బీవర్ కొవ్వు చాలా జిడ్డు. అది ఉండిపోతే ఆరిన తోలు పసుపురంగులోకి మారి, తర్వాత పదును చేసినా మందు లోపలికి ఇంకదు.

అమ్మకానికైతే: బోర్డు మీద

పెద్ద ప్లైవుడ్ చెక్క మీద కోడిగుడ్డు ఆకారంలో గీతలు గీసుకోండి. తోలును బొచ్చు కిందికి, చర్మం పైకి వచ్చేలా పరిచి, ముక్కు వైపు, తోక వైపు, రెండు పక్కలా ముందు నాలుగు మేకులు కొట్టండి. తర్వాత చుట్టూ వేలి వెడల్పుకి కాస్త ఎక్కువ దూరంలో మేకులు వేసుకుంటూ పోండి. కాళ్ళ రంధ్రాల అంచులు దగ్గరికి లాగి మూయండి. చివరగా మేకుల మీద తోలును కొంచెం పైకి ఎత్తి, బొచ్చు చెక్కకి అతుక్కుపోకుండా కిందికి గాలి ఆడేలా చేయండి. దాదాపు 15 డిగ్రీల సెల్సియస్ ఉండే గదిలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా, నాలుగైదు రోజుల నుంచి వారం. హీటర్ ముందు పెడితే అంచులు ముడుచుకుని పగులుతాయి.

సైజు లెక్క పొడవు, వెడల్పు అంగుళాల్లో కలిపి వేస్తారు. 65 అంగుళాలు దాటితే దాన్ని బ్లాంకెట్ అంటారు, వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. 62 వచ్చిన తోలును లాగి 65 చేయాలని చూడకండి. సాగదీసినకొద్దీ అదే నూగు ఎక్కువ జాగాలో పరుచుకుంటుంది. ముందస్తు తోలులో ఉన్న లోటే నూగు పలచన. దాన్ని ఇంకా పలచన చేస్తే గ్రేడ్ చేసేవాడి చేతికి మొదట తగిలేది అదే.

ఇక ఎవరికి అమ్మాలి అన్నది. కోటు కుట్టేవాళ్ళకి ముందస్తు తోలు పనికిరాదు, వాళ్ళకి పైవెంట్రుకల మెరుపు, నూగు దట్టం రెండూ కావాలి. టోపీల కోసం కొనేవాళ్ళు వేరు. వాళ్ళు పైవెంట్రుకలు తీసేసి, నూగు గొరిగి, దాన్నే ఒత్తి ఫెల్ట్ (నేయకుండా ఒత్తిడితో చేసే మందపాటి గుడ్డ) చేస్తారు. నూగు వెంట్రుకకి కంటికి కనిపించని ముళ్ళలాంటి పొలుసులు ఉంటాయి. తడి, వేడి, ఒత్తిడి కలిస్తే అవి ఒకదానికొకటి పెనవేసుకుని విడిపోవు. అందుకే కౌబాయ్ టోపీల్లో బీవర్ ఫెల్ట్‌కి ఇప్పటికీ అంత గౌరవం. మీరు కొనే టోపీ లోపల 20ఎక్స్, 100ఎక్స్ అని రాసి ఉంటుంది కదా, ఆ అంకెకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. ఒకరి 20, ఇంకొకరి 20 ఒకటి కావు.

ఈ బేరం కొత్తది కూడా కాదు. ఉత్తర అమెరికాలో బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీకి ఇంగ్లండ్ రాజు పట్టా ఇచ్చిన 1670 నాటికే యూరప్ టోపీలకి బీవర్ నూగు కావాలి. ఆ రోజుల్లో ఫ్రెంచి వర్తకులు ఎక్కువ ఇష్టపడిన తోలు కొత్తది కాదు, వాడినది. ఇక్కడి ఆదివాసులు చలికాలం అంతా బొచ్చు ఒంటికి తగిలేలా కప్పుకుని తిరిగిన తోళ్ళలో పైవెంట్రుకలు అరిగి రాలిపోయి, ఒంటి జిడ్డుతో నూగు మెత్తబడి ఉండేది. టోపీలవాడికి సగం పని అక్కడే అయిపోయేది. దాన్ని కాస్టర్ గ్రా అనేవారు. తర్వాత ఫెల్ట్ త్వరగా పట్టడానికి పాదరసం వాడటం మొదలై, టోపీ కార్మికులు వణుకు జబ్బుల పాలయ్యారు. అమెరికాలో ఆ వాడకం ఆగింది 1941లో. ఈ కథంతా ఎందుకంటే, బీవర్ తోలు విలువ మెరుపులో ఉందని మనం అనుకుంటాం కానీ వందల ఏళ్ళుగా దాని బేరం నడిచింది ఆ నూగు మీద. మీ అక్టోబరు తోలులో మెరుపు తగ్గినా నూగు కొంతైనా ఉంటుంది. కొనేవాడిని అడిగేటప్పుడు టోపీలకి తీసుకుంటారా అని సూటిగా అడగండి.

అమ్మేదాకా తోళ్ళను చల్లటి, పొడి గదిలో బొచ్చుకి బొచ్చు ఆనేలా పేర్చండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పడుతుంది. వసంతం వచ్చాక తోలు తినే చిన్న పురుగులు వస్తాయి, అందుకని మార్చి దాటి ఉంచుకోవద్దు.

ఇంట్లో పదును చేసుకోవడానికైతే

నీలం తోలుకి నేను ఎక్కువగా ఎంచుకునేది ఈ దారే. చేతికి తొడుక్కునే మిటెన్లకి (బొటనవేలు తప్ప మిగతా వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే చేతి తొడుగులకి) జనవరి తోలంత దట్టం అక్కర్లేదు.

గీకి కడిగిన తోలును చర్మం పైకి పరిచి, అయోడిన్ లేని మెత్తటి ఉప్పును అంచుల దాకా రుద్దండి. తోలు ఎంత బరువుందో దాదాపు అంత ఉప్పు. వాలుగా ఉన్న చెక్క మీద ఒక రోజు ఉంచితే నీళ్ళు కారతాయి. ఆ ఉప్పు దులిపేసి, కొత్త ఉప్పు వేసి ఇంకో రోజు. వాడిన ఉప్పు మళ్ళీ వాడకండి. ఉప్పు వల్ల వెంట్రుక కుదురులో బిగుసుకుంటుంది. ముందస్తు తోలుకి ఈ రెండో ఉప్పు తప్పనిసరి అని నా నమ్మకం.

తర్వాత ఊరబెట్టడం. మన ఆవకాయ లాగానే ఇక్కడా ఉప్పు, పులుపు రెండూ ఉండాలి. 10 లీటర్ల నీళ్ళకి 1.2 కిలోల ఉప్పు, 220 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ప్లాస్టిక్ తొట్టిలోనే కలపాలి, ఇనుము, అల్యూమినియం వద్దు. పులుపు మాత్రమే వేసి ఉప్పు తగ్గిస్తే తోలు నీళ్ళు పట్టి ఉబ్బిపోతుంది. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పేపరు ముంచితే 2.5 కన్నా తక్కువ చూపించాలి. కనీసం మూడు రోజులు ఉంచండి, మందంగా ఉంటే వారం. రోజుకు రెండుసార్లు చేత్తో తిప్పండి, మడతల్లోకి నీళ్ళు వెళ్ళాలి. ముద్దగా తెల్లబడిన తోలును మూడో రోజు తీసి, మెడ, వీపు మందంగా ఉన్న చోట్ల మాత్రం కొంచెం పలచన చేసి మళ్ళీ తొట్టిలో వేయండి. నీలం ఉన్న చోట చేయి పెట్టకండి.

ఊరాక 10 లీటర్ల నీళ్ళలో 40 గ్రాముల వంట సోడా కలిపి ఇరవై నిమిషాలు ముంచి పులుపు విరవండి. కడిగి, గంట సేపు వేలాడదీయండి. ఇక మందు. ట్యాక్సిడెర్మీ (చచ్చిన జంతువుల తోళ్ళను బొమ్మలుగా నిలబెట్టే పని) సామాన్ల దుకాణాల్లో సీసాలో దొరికే పూత మందు కొత్తవాళ్ళకి సులువు. సీసా మీద రాసినట్టే, గోరువెచ్చగా చేసి చర్మం వైపు రుద్ది, మడిచి ఒక రాత్రి ఉంచాలి. పాతకాలం వాళ్ళు పటిక వాడేవారు. పటికతో తోలు తెల్లగా, అందంగా వస్తుంది, కానీ నీళ్ళలో తడిస్తే పటిక కరిగిపోయి మళ్ళీ పచ్చి తోలవుతుంది. మంచులో వాడే మిటెన్లకి నేనైతే పటిక వాడను.

తర్వాతి రోజు, పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే గోరువెచ్చటి నీట్స్‌ఫుట్ నూనె పట్టించి ఆరనివ్వండి. పూర్తిగా ఆరేదాకా ఆగొద్దు. తోలును రెండు చేతులతో లాగినప్పుడు లాగిన చోట ముదురు రంగు పోయి తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు కనిపించిందంటే అదే సమయం. ఇక కుర్చీ అంచు మీదో, నిలబెట్టిన చెక్క అంచు మీదో అన్ని వైపులా లాగుతూ ఉండాలి. అరగంట లాగడం, గంట వదిలేయడం, మళ్ళీ లాగడం. బీవర్ తోలు మందం కాబట్టి రోజంతా, ఒక్కోసారి రెండో రోజు కూడా పడుతుంది. గట్టిపడిన చోట తడి గుడ్డ అద్ది మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చివర బొచ్చులోకి రంపపు పొట్టు వేసి రుద్ది దులిపితే జిడ్డు అంతా లాగేస్తుంది.

బొచ్చు ఊడిపోతే

అదీ పోలేదు. పూర్తిగా బొచ్చు తీసేసి ఉత్త తోలు చేయండి. బీవర్ తోలు గట్టిది, పర్సులకి, కత్తి ఒరలకి, చేతి తొడుగులకి బాగుంటుంది. 10 లీటర్ల నీళ్ళలో కిలో దాకా హైడ్రేటెడ్ లైమ్ అనే సున్నపు పొడి కలిపి తోలు ముంచి, రోజూ తిప్పుతూ, బొటనవేలితో తోస్తే బొచ్చు రాలిపోయే దాకా ఉంచండి. నాలుగైదు రోజులు పట్టవచ్చు. కళ్ళద్దాలు, పొడుగు గ్లవ్స్ తప్పవు. మొద్దు కత్తితో బొచ్చు తోసేసి, సున్నం పోయేదాకా బాగా కడిగి, చెట్టు చెక్క (బెరడు) రసంలో నానబెట్టాలి. మన ఊళ్ళలో లందల్లో తంగేడు చెక్క, కరక్కాయ చేసే పనే ఇక్కడ ఓక్, హెమ్లాక్ చెక్కలు చేస్తాయి. మా తాతగారి ఊరి చివర ఉన్న లంద వాసన నాకింకా గుర్తుంది. ఆ పని చేసినవాళ్ళకి ఊరు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదు. ఆ చేతి నేర్పు ఎంతటిదో నేను సొంతంగా ఒక తోలు చేశాకే తెలిసింది.

కాస్టర్, మాంసం

తోక మొదట్లో కనిపించే రెండు జతల్లో ఒకటి కాస్టర్ సంచులు, ఇంకొకటి నూనె గ్రంథులు. కాస్టర్ సంచుల వాసన ఘాటుగా, తియ్యగా, తోలు వాసన కలిసినట్టు ఉంటుంది. అత్తరు తయారీకి, ఉచ్చుల్లో ఎరకి కొంటారు. నూనె గ్రంథిని కొంచెం నొక్కితే మగదానిలో గోధుమ రంగు చిక్కటి ద్రవం, ఆడదానిలో పలచగా, లేత పసుపుగా వస్తుంది. బయటి నుంచి ఆడా మగా తేల్చడం కష్టమైన బీవర్‌లో ఇదే గుర్తు.

సంచులను చిల్లు పడకుండా, జతగానే కోసి తీసి, తీగ మీద వేలాడదీయండి. చల్లగా, గాలి ఆడే నీడలో కొన్ని వారాలు ఉంచితే ముదురు గోధుమ రంగుకి తిరిగి గట్టిపడతాయి. కవర్లో కట్టి పెడితే బూజు పడుతుంది. తోలు ధర నెలని బట్టి మారుతుంది కానీ కాస్టర్ కొనేవాడు అక్టోబరుదా, ఫిబ్రవరిదా అని అడగడు. ముందస్తు బీవర్ మీద చేతికి తప్పకుండా వచ్చే డబ్బు ఇదే కావచ్చు.

మాంసం తినేవాళ్ళయితే గ్రంథులు కోసిన కత్తిని పక్కన పెట్టి, వేరే కత్తి తీసుకోండి. ఆ ద్రవం ఒక్క చుక్క తగిలినా కూర మొత్తం ఆ వాసనే. కొవ్వు పూర్తిగా తీసేసి, లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటేలా నిదానంగా ఉడికించాలి. మేము వెనక కాళ్ళ మాంసం అల్లం, వెల్లుల్లి, ధనియాలు వేసి మేక మాంసం లాగే వండుతాం. గట్టిగా ఉంటుంది, కుక్కర్‌లో రెండు మూడు విజిళ్ళు ఎక్కువ పడతాయి.

మిటెన్లు కత్తిరించేటప్పుడు

పదును చేసిన మధ్యరకం తోలు ఒక జత మిటెన్లకి సరిపోతుంది. కొలత కాగితాన్ని చర్మం వైపే పెట్టి గీయండి. వేళ్ళు ఉన్న వైపుకి బొచ్చు వాలి ఉండాలి, మంచు అప్పుడే జారిపోతుంది. ఎడమ, కుడి చేతులకి కాగితం తిరగేయడం మర్చిపోకండి. రెండూ ఒకే చేతికి కోసి తల పట్టుకున్నవాళ్ళని చూశాను. కత్తెర వాడొద్దు, బొచ్చు కూడా తెగి కుట్టు దగ్గర బోడిగా కనిపిస్తుంది. తోలును గాల్లో కొంచెం ఎత్తి పట్టుకుని బ్లేడుతో చర్మం మాత్రమే కోయండి. పొట్ట భాగం అరచేతి వైపు, మంచి వీపు భాగం చేతి పై వైపు వచ్చేలా చూసుకోండి. మూడు అంచుల సూదితో, మైనం పట్టించిన దారంతో అంచు మీద చుట్టుకుట్టు వేస్తూ, ప్రతి కుట్టుకీ ముందు బయటికి వచ్చిన వెంట్రుకలను సూది మొనతో లోపలికి నెట్టండి. కుట్టడం అయ్యాక తిరగేసి, దువ్వెనతో కుట్టు మీది బొచ్చును ఒకసారి పైకి లేపితే గీత కనిపించదు.